విశాఖపట్నంలో బాలుర వసతి గృహం: రోజు ఎలా గడుస్తుంది?

తొమ్మిదో తరగతి చదివే అబ్బాయిని విశాఖలో హాస్టల్లో చేర్చే ముందు ఏమేమి తెలుసుకోవాలని అడిగారు. చాలాచోట్ల తెల్లవారుజామున 5 గంటలకే గంట కొడతారు. స్నానాల గదుల ముందు బకెట్టుతో వరుసలో నిలబడటం, తన కంచం తానే కడుక్కోవడం, సాయంత్రం హాజరు పలికాక స్టడీ అవర్‌లో కదలకుండా కూర్చోవడం మొదటి వారంలోనే అలవాటు కావాలి. సముద్రపు తేమకు వానాకాలంలో ఉతికిన బట్టలు ఒక పట్టాన ఆరవు, ఇనుప ట్రంకు పెట్టెకు తుప్పు పడుతుంది కనుక, రెండు జతల బట్టలు అదనంగా, పేరు చెక్కించిన స్టీలు కంచం, గ్లాసు ఇచ్చి పంపండి (పేరు లేని గ్లాసు దసరా దాకా మిగలదు). వార్డెన్ అనుమతి లేకుండా బీచ్‌కు వెళ్లడాన్ని మాత్రం తేలికగా తీసుకోరు. ఆర్‌కే బీచ్ దగ్గర మనిషిని లోపలికి లాగేసే ప్రవాహాలు ఎందరి ప్రాణాలో తీశాయి కాబట్టి, ఆ కట్టడి నా దృష్టిలో సబబే.