స్ప్రింగుల జోలికి పోకు, అల్లుడా

అచ్చంపేట,
ఆదివారం రాత్రి

అల్లుడా,

పొద్దున అక్క, అదే మీ అమ్మ, ఫోన్ చేసింది. నువ్వు కారు కొన్నావని, సెకండ్‌హ్యాండ్ అయినా అద్దంలా ఉందని, వచ్చే నెల తనను అందులోనే శ్రీశైలం తీసుకుపోతావని ఒకటే సంబరం. నాకూ ఛాతీ ఉబ్బింది. చివర్లో మెల్లగా, "మలుపుల్లో బండి ఒరుగుతోందట, స్ప్రింగులు కోయించి కిందికి దింపిస్తాడట" అంది. ఆ తర్వాత అన్నం సయించలేదు. ఫోన్లో చెప్తే "సరే మామా, సరే మామా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

ఒరగడం వేరు, పట్టు తప్పడం వేరు. ఎత్తు బండి కొంత ఒరుగుతుంది, దాని తీరే అంత. పట్టు ఇచ్చేవి టైర్లు. ఒక్కో టైరు రోడ్డును తాకేది నీ అరచెయ్యంత మేర. పైసలు పెట్టాలంటే ముందు అక్కడ పెట్టు.

అసలు పైసల కంటే ముందు గాలి. డ్రైవర్ డోరు తెరిస్తే ఎంత పెట్టాలో స్టిక్కర్ మీద ఉంటుంది. పొద్దున బండి కదలకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూడు. గాలి తక్కువైతే మలుపులో టైరు అంచు మడత పడుతుంది, స్టీరింగ్ తిప్పినా బండి ఆలోచించి తిరుగుతుంది. నీ ఒరుగుడులో సగం అదే కావచ్చు.

తర్వాత టైరు వయసు. టైరు పక్క గోడ మీద కోడిగుడ్డు ఆకారపు గీతలో నాలుగంకెలు ఉంటాయి. 2318 అని ఉంటే 2018లో 23వ వారం తయారైందన్నమాట. పాత బండి అమ్మేవాళ్లు టైర్లకు నల్లగా పాలిష్ కొట్టి నిలబెడతారు, ఆ అంకెలు చూడకుండానే నువ్వు కొని ఉంటావు. రబ్బరు ముదిరి గట్టిపడితే, గీతలు బాగానే కనిపించినా వానకు జారుతుంది. రెండు టైర్లకే డబ్బులుంటే కొత్తవి వెనక్కి వేయించు. షాపులో ముందుకే వేద్దామంటారు, వినకు. ముందు జారితే స్టీరింగ్‌లో తెలుస్తుంది. వెనక జారితే నీకు తెలిసేలోపు బండి తిరిగిపోయి ఉంటుంది. వెడల్పు టైర్ల మోజు ఉంటే, అదే మోడల్ పై రకానికి కంపెనీ ఇచ్చే సైజు దాకానే పో.

అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ చేయించు. బానెట్ మూలను గట్టిగా నొక్కి వదులు. పైకి లేచి కుదురుకుంటే సరే, ఊగుతూనే ఉంటే షాకబ్జర్లు పోయినట్టే. జతకు జత మార్చాలి, ఒక్కటే మార్చకు. గుంతల్లో టకటకమంటే చక్రాల దగ్గరి లింక్ రాడ్లు, కీళ్ల మధ్య ఉండే రబ్బరు బుష్‌లు చూపించు. పైన క్యారియర్ ఉందట కదా, అది పీకెయ్. ఎత్తులో బరువు పెట్టి కింద స్ప్రింగులు కోయడమేమిటి?

ఇప్పుడు అసలు సంగతి. 2003లో నా దగ్గర మారుతి 800 ఉండేది, నీకు గుర్తుండదు. ముందు స్ప్రింగులు ఒకటిన్నర చుట్టు కోయించాను. ఎవరో చెప్తే కాదు, నా తెలివే. కటింగ్ మిషన్ నిప్పురవ్వలు ఎగురుతుంటే పక్కన నిలబడి మురిసిపోయాను. బండి ముక్కు దించుకుని కోడెలా కనిపించింది. కల్వకుర్తి దాకా చదును రోడ్డు మీద నిజంగానే అతుక్కుని పోయింది. అదే నన్ను చెడగొట్టింది.

కార్తీకంలో అక్కను, బావను ఎక్కించుకుని శ్రీశైలం బయలుదేరాను. నిన్ను అమ్మమ్మ దగ్గర వదిలాం. ఈగలపెంట దాటి డ్యామ్ వైపు దిగుతుంటే ఎడమ మలుపు, మలుపు మధ్యలో చిన్న గుంత. మామూలు బండి అయితే చక్రం పైకి లేచి స్ప్రింగు ఆ దెబ్బ మింగేది. నాది లేవడానికి చోటే లేదు. ఠప్పున పైనున్న రబ్బరు దిమ్మకు కొట్టుకుంది, చక్రం ఎగిరింది, ఎగిరిన చక్రానికి పట్టెక్కడిది? బండి తిన్నగా అవతలి పక్కకు పోయింది. ఎదురుగా బస్సు. ఆ డ్రైవర్ కొండ వైపు తిప్పుకున్నాడు గనక ఇవాళ ఈ ఉత్తరం రాస్తున్నాను. పిట్టగోడకు జానెడు దూరంలో ఆగాం. పులిహోర డబ్బా మూత ఊడి అక్క ఒడి నిండా మెతుకులు. ఆమె అరవలేదు. కుడిచెయ్యి డాష్‌బోర్డు మీద ఆనించి, ఒక్కో మెతుకూ ఏరి డబ్బాలో వేసింది.

ఇప్పటికీ మలుపు వచ్చిందంటే మీ అమ్మ డాష్‌బోర్డు మీద చెయ్యి పెడుతుంది. నువ్వు నవ్వుతావు, "అమ్మకు కారంటే భయం" అంటావు. నవ్వకు బిడ్డా.

ఇక నడపడం. బ్రేకు మలుపుకు ముందే వెయ్యి, మలుపులో కాదు. ఘాట్ దిగేటప్పుడు సెకండ్ గేర్. తిరుగు ప్రయాణంలో నాకు ఇంకో టెన్షన్. రాత్రి 9కి అడవి గేట్లు మూస్తారు, మళ్లీ పొద్దున 6కే తెరుస్తారు. గేటు దొరకాలని జనం దోమలపెంట మలుపుల్లో ఉరకడం నేను కళ్లారా చూశాను. బండి బాగుచేసుకున్నాక ఇంకో ఐదు నిమిషాలు లాగొచ్చు అనిపిస్తుంది. ఆలస్యమైతే శ్రీశైలంలోనే పడుకోండి, గది డబ్బులు నేనిస్తాను.

వచ్చే ఆదివారం బండి ఇక్కడికి తీసుకురా. నా దగ్గర గాలి మీటర్ ఉంది, కింద దూరి బుష్‌లు నేనే చూస్తాను, ఈ నడుముకు ఆ మాత్రం వంగడం వచ్చు. అక్కనూ తీసుకురా. ఈ కాగితం మాత్రం ఆమెకు చూపించకు. రోడ్డు మీద నూనె పడి జారామని ఆ రోజు చెప్పాను. స్ప్రింగుల సంగతి ఆమెకు ఇప్పటికీ తెలియదు. నేనే చెప్తాను.

మీ మామ