కొన్న పాత సైకిల్ ‘మాది’ అని ఒకరొస్తే?

ప్రశ్న: మాది కంచరపాలెం. పాత సైకిళ్ళు కొని బాగుచేసుకోవడం నా సరదా. ఎంవీపీ కాలనీలో సైకిళ్ళు సేకరించే ఒక పెద్దాయన దగ్గర నాలుగు నెలల క్రితం మూడు గేర్ల ర్యాలీ 18,000 రూపాయలకి కొన్నాను. పది వేలు ఫోన్‌పే చేశాను, మిగతాది నగదు. రసీదు లేదు. ‘ఒరిజినల్ బ్రూక్స్’ (పేరున్న సైకిల్ సీట్ల కంపెనీ) అని ఆయన వాట్సాప్‌లో ఫొటో పెడితే, తోలు సీటు విడిగా 6,500 ఇచ్చి తీసుకున్నాను. మొన్న బీచ్ రోడ్డులో ఒకాయన నన్ను ఆపి, అది చనిపోయిన తన తండ్రి సైకిలనీ, దొండపర్తిలో వాళ్ళింట్లోంచి పోయిందనీ అన్నారు. మర్నాడు సైకిల్ తీసుకురమ్మని స్టేషన్ నుంచి ఫోన్. అమ్మినాయన్ని అడిగితే ‘నేనూ పాత సామాన్లవాడి దగ్గరే కొన్నాను బాబూ’ అంటున్నారు. నా మీద కేసవుతుందా? సైకిల్ పోయినట్టేనా? పైగా ఆ సీటు డూప్లికేట్ అంటున్నాడు మా మెకానిక్. – ఒక పాఠకుడు

జవాబు: ముందు టెన్షన్ పడకండి. దొంగసొత్తు చేతిలో ఉన్నంత మాత్రాన నేరం కాదు. భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద శిక్ష, అంటే మూడేళ్ళ దాకా జైలో జరిమానానో, పడాలంటే అది దొంగసొత్తని మీకు తెలిసుండాలి, లేదా అలా అనుకోవడానికి తగిన కారణం కళ్ళముందు ఉండాలి. దురుద్దేశమూ ఉండాలి. ఫ్రేమ్ నంబరు ఆకురాయితో గీకేసిన సైకిల్‌ని రెండు వేలకి చీకట్లో కొన్నవాడి సంగతి వేరు. మీరు సగానికి పైగా డబ్బు ఫోన్‌పేలో ఇచ్చారు, తెచ్చుకుని బీచ్ రోడ్డులో పదిమంది ముందు తొక్కుతున్నారు. దొంగసొత్తని తెలిసినవాడు చేసే పని కాదది.

సైకిల్ దక్కుతుందా అన్నదే అసలు చిక్కు. వస్తు విక్రయ చట్టం, 1930లోని 27వ సెక్షన్ ప్రకారం, మామూలుగా అమ్మినవాడికి లేని హక్కు కొన్నవాడికి రాదు. దొంగ చేతి నుంచి ఎన్ని చేతులు మారినా, ఎంత నిజాయతీగా కొన్నా, వస్తువు అసలు యజమానిదే.

అయితే నాకో అనుమానం. ‘పోయింది’ అంటే ఎలా పోయింది? తండ్రి పోయాక ఇల్లు సర్దుతూ అన్నో తమ్ముడో పాత సామాన్లవాడిని పిలిచి, ఇత్తడి బిందెలతో పాటు మూలనున్న సైకిల్ కూడా తూకానికి వేసెయ్యడం, తర్వాత మిగతావాళ్ళు లబోదిబోమనడం కొత్త కాదు. అదే జరిగుంటే ఆ చట్టంలోనే 28వ సెక్షన్ చూడాలి. ఉమ్మడి వస్తువు మిగతా హక్కుదారుల అనుమతితో ఒకరి స్వాధీనంలోనే ఉండి, ఆ ఒకరు అమ్మితే, సంగతి తెలియక నిజాయతీగా కొన్నవాడికి పూర్తి హక్కు వస్తుంది. పాత సామాన్లవాడికి వస్తే పెద్దాయనకీ, ఆయన నుంచి మీకూ వచ్చినట్టే. కాబట్టి స్టేషన్లో మొదట అడగాల్సింది ఎఫ్ఐఆర్ ఉందా, ఏ తేదీది అని. బీచ్ రోడ్డు సంఘటన తర్వాతే పుట్టిన ఫిర్యాదైతే, అన్నదమ్ములెవరైనా అమ్మారేమో విచారించమని రాతపూర్వకంగా కోరండి.

ఇంకోటి. నల్ల ర్యాలీలన్నీ దూరం నుంచి ఒకేలా ఉంటాయి. సైకిల్‌కి ఆర్సీ ఉండదు, 1988 మోటారు వాహనాల చట్టం దానికి వర్తించదు. అది తన తండ్రిదేనని ఆయనే చూపించాలి: ఫ్రేమ్ నంబరున్న పాత బిల్లో, మున్సిపాలిటీలు సైకిళ్ళకి లైసెన్సు బిళ్ళలిచ్చిన రోజుల నాటి కాగితమో. వెనక హబ్ (చక్రం మధ్య భాగం) మీద గేర్ల కంపెనీ స్టర్మీ ఆర్చర్ పేరుతో సంవత్సరం అంకెలుంటే అవీ రాసుకోండి గానీ, హబ్బులు మారుస్తుంటారు, అదొక్కటే రుజువు కాదు.

స్టేషన్‌కి వెళ్ళండి, తప్పించుకోకండి. ఈలోగా రంగు వెయ్యకండి, సీటు విప్పకండి. రోడ్డు మీద ఆయనకి అప్పగించెయ్యకండి. పోలీసులు స్వాధీనం చేసుకుంటే పంచనామాలో ఫ్రేమ్ నంబరు, హబ్, డైనమో, సీటు విడివిడిగా రాయించి నకలు తీసుకోండి. సీటు మీరు వేరుగా కొన్నదన్న మాట తప్పక రాయించండి. స్టేషన్ ఆవరణలో సైకిల్ నెలల తరబడి పడుంటే మన విశాఖ ఉప్పుగాలికి క్రోమియం ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. అంచేత వెంటనే మేజిస్ట్రేట్ కోర్టులో భారతీయ నాగరిక సురక్షా సంహిత కింద తాత్కాలిక కస్టడీకి పిటిషన్ వెయ్యండి. స్వాధీనం చేసుకున్న వస్తువులు స్టేషన్లలో ఏళ్ళ తరబడి పడి ఉండకూడదని, ఫొటోలు తీసి బాండు మీద ఇవ్వవచ్చని సుప్రీంకోర్టు 2002లోనే సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో చెప్పింది.

సైకిల్ చివరికి వాళ్ళదే అని తేలితే పెద్దాయన మీకు 18,000 తిరిగివ్వాలి. ‘నాకూ తెలీదు’ అంటే చెల్లదు. అమ్మే హక్కు తనకుందన్న షరతు వస్తు విక్రయ చట్టం 14వ సెక్షన్ ప్రకారం ప్రతి అమ్మకంలోనూ, మాటల్లో చెప్పకపోయినా, ఉంటుంది. ఆయన పాత సామాన్లవాడి మీద చూసుకోవాలి. నోటీసిచ్చి సివిల్ కోర్టుకి వెళ్ళండి. సరదాకి సేకరించేవాడు వ్యాపారి కాడు గనక వినియోగదారుల కమిషన్ దారి మీకు కష్టం.

సీటు గురించి: పాత సరుకులో నాణ్యత కొనేవాడే చూసుకోవాలని చట్టం. కానీ ‘ఒరిజినల్ బ్రూక్స్’ అని చెప్పి అమ్మాక అది ఒరిజినలే కావాలి (అదే చట్టం, 15వ సెక్షన్). ఆ వాట్సాప్ మెసేజే మీ సాక్ష్యం. చాట్ చెరపకండి, కోర్టులో దానికి, అది ఏ ఫోన్లోంచి ఎలా తీసిందో చెప్పే సర్టిఫికెట్ జతచెయ్యాలి కాబట్టి ఆ ఫోన్ కూడా అమ్మకండి. మెకానిక్ నోటిమాట చాలదు, రాసి సంతకం పెట్టమనండి. నాలుగు నెలలు వాడారు కాబట్టి మొత్తం డబ్బు రాకపోవచ్చు. ధరలో తేడా మాత్రం అడగొచ్చు.

రసీదు లేకపోయినా అమ్మకం చెల్లుతుంది, నోటిమాట సరిపోతుంది. అయినా ఇప్పుడు పెద్దాయన దగ్గర ఒకటి రాయించుకోండి: ఫ్రేమ్ నంబరు, మొత్తం, ఆయన ఎవరి దగ్గర కొన్నారో, 5,000 దాటింది కాబట్టి రూపాయి రెవెన్యూ స్టాంపు. కొన్న తేదీ లోపల రాయించండి, కింద సంతకం మాత్రం ఇవాళ్టి తేదీతోనే. నాలుగు నెలల కిందటి తేదీ వేయించారంటే, ఇప్పటిదాకా లేని కేసు మీరే కొనితెచ్చుకున్నట్టు.