పాత చీరల బొంత ఉతికాక ముద్దకట్టకుండా, అంచు విడిపోకుండా ఎలా కుట్టాలి?

అక్కకు పుట్టబోయే బిడ్డ కోసం మీ అమ్మగారి పాత నూలు చీరలతో బొంత కుట్టాలనుకుంటున్నారనీ, ఇదివరకు ఒక స్నేహితురాలికి కుట్టి ఇచ్చినది మొదటి ఉతుకులోనే నడుమ ముద్దకట్టి, అంచు విడిపోయిందనీ రాశారు. పద్నాలుగేళ్లుగా బంధువులకూ స్నేహితులకూ బొంతలు కుట్టి ఇస్తున్నాను. నా మొదటి రెండింటికీ ఇదే గతి పట్టింది.

నా తప్పు బట్ట దగ్గరే మొదలైంది. బాగా మెత్తబడిన రెండు చీరల మధ్య ఒక కొత్త పంచె పెట్టాను. పాత బట్ట అప్పటికే ఎన్నో ఉతుకులకు కుంచించుకుని ఉంటుంది, కొత్తది నీళ్లు తగిలాకే మొదలుపెడుతుంది కనుక, ఆరేసరికి బొంత వేయించిన అప్పడంలా వంకర్లు తిరిగింది. కొత్త బట్ట పెట్టక తప్పకపోతే దాన్ని రెండు మూడు సార్లు ఉతికి ఆరవేయండి. చీరల్లో గంజి మిగిలితే సూది దిగదు. ముదురు రంగు చీరను తడిపిన తెల్లగుడ్డతో గట్టిగా రుద్ది చూసి, రంగు అంటితే పక్కన పెట్టేయండి. జరీ పసివాళ్ల ఒంటికి గీసుకుంటుంది, కోసివేయడమే మంచిది.

5.5 మీటర్ల చీరను మూడు మడతలు వేస్తే దాదాపు 6 అడుగుల పొడవు వస్తుంది. అలాంటివి రెండు కలిపితే ఆరు పొరలతో పెద్దవాళ్ల బొంత అవుతుంది. పసిబిడ్డకు పక్కకింద పరచడానికే కాబట్టి 3 అడుగుల పొడవు, చీర పన్నా ఎంత ఉంటే అంత వెడల్పు, నాలుగు పొరలు చాలు.

ముద్దకట్టడానికి అసలు కారణం అంచులను ముందే మూసివేయడం. సూది తోసుకుంటూ పోయే వదులు బట్టకు బయటికి దారి లేక అదంతా నడుమకు చేరుతుంది. అందుకే పొరలను నేల మీద పరచి, ఒక్కొక్క పొరనూ అరచేత్తో నడుమ నుంచి నాలుగు వైపులకూ సాపు చేసి, అదే దిశలో జానెడు దూరానికొక వరుస చొప్పున కచ్చా కుట్టు వేయండి. ఈ దారం బొంతలో ఎక్కడా లేని రంగుదైతే తరువాత ఊడదీయడం తేలిక. (కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో ఉండే, ఆఫ్రికా మూలాలున్న సిద్దీ తెగ స్త్రీలు కవంది అనే తమ బొంతను అంచు నుంచే మొదలుపెట్టి లోపలికి చుట్టుకుంటూ వస్తారు, కానీ ఆ పనితనం మనకు ఒక్కనాటికి రాదు.) అసలు కుట్టు కూడా నడుమ నుంచే, వేలెడు ఎడంతో. దారం చేయి చాచినంత పొడవుకు మించితే చిక్కుపడుతుంది. ముడిని పైపొర కిందికి లాగి దాచండి.

అంచు చివరి పని. నాలుగు పక్కలా మిగిలిన బట్టను సమంగా కత్తిరించి, చీర నుంచి కోసిన జరీ లేని అంచునే మూడంగుళాల గోటుగా, అంటే అంచును కప్పే పట్టీగా, వాడండి. అక్కడ నేత గట్టిగా ఉంటుంది. ముందు వైపు కుట్టి, వెనక్కి తిప్పి, కొసను లోపలికి మడిచి హెమ్మింగ్ చేయండి. మీ బొంత బహుశా మూలల దగ్గరే విడిపోయి ఉంటుంది. అక్కడ గోటును కత్తిరించకుండా ఏటవాలుగా మడిచి, రెండోసారి కుట్టండి.

గుండుసూదులు వాడితే పని మొదలుపెట్టేటప్పుడే లెక్క రాసుకోండి. ఒకసారి నేను లెక్క తప్పాను. మా వదిన బొంత దులుపుతుంటే గోటులో మిగిలిపోయిన సూది ఆమె వేలికి దిగింది, అదృష్టవశాత్తూ బిడ్డను ఇంకా పడుకోబెట్టలేదు.