పచ్చిక మేసే ఆవుతో వాతావరణానికి చేటా?

ప్రశ్న: మా అబ్బాయి న్యూజిలాండ్‌లో పాడి క్షేత్రంలో పనిచేస్తున్నాడు. బయట పచ్చిక మేసే ఆవుల వల్ల కూడా భూమి వేడెక్కుతుందట. తగ్గించే మార్గముందా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఉందమ్మా. త్రేన్పులతో వెలువడి భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు పొట్టలోని సూక్ష్మజీవుల పని కనుక దాన్ని పూర్తిగా ఆపలేము. ఎక్కువ పాలిచ్చే మేలైన ఆవులను తక్కువ సంఖ్యలో పెంచడమే నా దృష్టిలో నమ్మకమైన దారి. చాలామంది పట్టించుకోనిది మూత్రం. ఆవు మూత్రం పోసిన చోట గడ్డి ముదురాకుపచ్చగా, గుబురుగా లేవడం మీ అబ్బాయి చూసే ఉంటాడు. ఆ మూత్రంలోని నత్రజనిలో వేళ్లు పీల్చుకోగా మిగిలినదాంట్లో కొంత తడి నేలలో నైట్రస్ ఆక్సైడ్ అనే వాయువుగా మారి, నూరేళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 270 రెట్లు వేడిని పెంచుతుంది. అందుకే అక్కడి రైతులు పచ్చికలో ప్లాంటెయిన్ అనే పశుగ్రాస మొక్కను (అరటి కాదు) కలుపుతున్నారు. అది మేస్తే మూత్రంలో నత్రజని పలచబడుతుంది. గాలిలోని నత్రజనిని నేలకు చేర్చే క్లోవర్ మొక్క ఉంటే యూరియా ఎరువు వాడకం కూడా తగ్గుతుంది. 2021 నుంచి హెక్టారు పచ్చికకు ఏడాదికి ఎరువుల రూపంలో వేసే కృత్రిమ నత్రజని 190 కిలోలు మించరాదన్న నిబంధన అక్కడ అమలులో ఉంది.