రాత్రి డ్యూటీ ఉన్న డీబీఏ ఉద్యోగమా, మూడు నెలల డేటా సైన్స్ కోర్సా?

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాది బీటెక్ సీఎస్‌ఈ పూర్తి చేసింది. హైదరాబాద్‌లో ఒక కంపెనీ డీబీఏ (డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్, అంటే డేటాబేస్‌లను చూసుకునే పని) సపోర్ట్ టీమ్‌లో ట్రైనీగా తీసుకుంటామంటోంది. షిఫ్టులు ఉంటాయట, రాత్రి డ్యూటీ కూడా. డల్లాస్‌లో ఉన్న మా మేనల్లుడు 'డేటాబేస్‌లన్నీ క్లౌడ్‌లోకి వెళ్లిపోయాయి మావయ్యా, ఇక డీబీఏలకు పని ఉండదు, డేటా సైన్స్ చేయించు' అంటున్నాడు. కోర్సు మూడు నెలలు, ఫీజు లక్షన్నర, ప్లేస్‌మెంట్ గ్యారంటీ అంటున్నారు. ఉద్యోగం వదిలేసి కోర్సులో చేర్చమంటారా? రెండూ పోల్చి చెప్పండి. (ఒక తండ్రి, నరసరావుపేట)

జవాబు: ఈ ప్రశ్న నాకు ఏటా జూన్, జులైల్లో వస్తూనే ఉంటుంది, కోర్సు పేరు మారుతుంది అంతే. ఒకప్పుడు టెస్టింగ్ టూల్స్, తర్వాత హడూప్, ఇప్పుడు డేటా సైన్స్, ఏఐ. మీరు అడిగింది క్లౌడ్ గురించే, కానీ 'రాత్రి డ్యూటీ కూడా' అని రాసిన చోటే మీ టెన్షన్ అంతా ఉందని నాకనిపిస్తోంది. దాని దగ్గరికే వస్తాను, ముందు మీ మేనల్లుడి మాట తేల్చేద్దాం.

అతను చెప్పింది సగం నిజం. డేటాబేస్‌ను తమ సర్వర్లలోనే నడిపి అద్దెకిచ్చే అమెజాన్ క్లౌడ్ సేవ ఆర్‌డీఎస్ వచ్చింది 2009లో. 2017లో డేటాబేస్ కంపెనీ ఒరాకిల్ అధినేత ల్యారీ ఎలిసన్ వేదికెక్కి, తన పని తనే చేసుకునే డేటాబేస్ వస్తోందని ప్రకటించాడు. డీబీఏల పని అయిపోయిందనే మాట అప్పటినుంచీ వింటూనే ఉన్నాం. నిజంగానే కొన్ని పనులు పోయాయి. సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయడం, బ్యాకప్ షెడ్యూల్ పెట్టడం, డిస్క్ ఎంత నిండిందో చూస్తూ స్క్రీన్ ముందు కూర్చోవడం, వీటికి ఇప్పుడు ఎక్కువమంది అక్కర్లేదు.

పోనిది ఏమిటంటే, నిన్నటిదాకా రెండు సెకన్లలో వచ్చిన రిపోర్టు ఇవాళ నలభై నిమిషాలైనా రాదు చూడండి, అది. ప్రోగ్రామ్‌లో ఎవరూ ఒక్క అక్షరం మార్చలేదు. టేబుల్లో డేటా పెరిగింది, ఆ డేటా ఎంత, ఎలా ఉందని డేటాబేస్ రాసిపెట్టుకునే లెక్కలు (స్టాటిస్టిక్స్) మారాయి, దాంతో అది తనంతట తానే డేటా వెతకడానికి ఇంకో దారి (ఎగ్జిక్యూషన్ ప్లాన్) ఎంచుకుంది. లేదంటే ఎవరో డేటా మార్చి, ఆ మార్పును ఖాయం (కమిట్) చేయకుండా భోజనానికి వెళ్లిపోయారు, వాళ్ల లాక్ వదిలేదాకా వెనకాల సెషన్లన్నీ ఆగిపోయాయి. సమస్య తేలేదాకా అందరూ కలిసి ఉండే బ్రిడ్జ్ కాల్‌లో ఇరవైమంది ఉంటారు, క్లయింట్ మేనేజర్ అయిదు నిమిషాలకోసారి ఇంకెంతసేపు అని అడుగుతుంటాడు. తప్పు నెట్‌వర్క్‌దే అయినా ముందు 'డేటాబేస్ బాగానే ఉంది' అని నిరూపించుకోవాల్సింది డీబీఏనే. ఇది క్లౌడ్‌కి వెళ్లినా మారదు, పైగా అక్కడ వాడకాన్ని బట్టి డబ్బు కట్టాలి కాబట్టి, సరిగ్గా రాయని క్వెరీ (డేటా కోసం ఇచ్చే ఆదేశం) నెలాఖరున బిల్లు రూపంలో కూడా కనిపిస్తుంది.

2017 జనవరి 31న, ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ సైట్‌లో జరిగింది మీ మేనల్లుడికి తెలిసే ఉంటుంది. రెప్లికేషన్ (అసలు సర్వర్‌లోని డేటా స్టాండ్‌బై సర్వర్‌కి ఎప్పటికప్పుడు కాపీ కావడం) ఆగిపోయిందని రాత్రి పొద్దుపోయేదాకా కుస్తీ పడుతున్న ఇంజినీరు, స్టాండ్‌బై సర్వర్‌లో ఉన్నాననుకుని అసలు సర్వర్‌లోని డేటా ఫోల్డర్‌నే తీసేశాడు. సెకనో రెండు సెకన్లకో తెలుసుకుని ఆపాడు, అప్పటికి దాదాపు 300 జీబీలో 4.5 జీబీ మిగిలింది. బ్యాకప్ తీద్దామని చూస్తే, వాళ్లు వాడే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వెర్షన్ తేడావల్ల రోజువారీ బ్యాకప్ అసలు జరగడమే లేదు. ఫెయిలయిందని చెప్పే మెయిళ్లు కూడా ఎవరికీ చేరడం లేదు. ఆరు గంటల ముందు వేరే అవసరం కోసం తీసిన ఒక స్నాప్‌షాట్ ఉండబట్టి బతికిపోయారు, ఆ ఆరు గంటల డేటా మాత్రం పోయింది. ఆ సిస్టమ్ నడుస్తున్నదీ క్లౌడ్‌లోనే సుమా. డిలీట్ అంటే క్లౌడ్ కూడా డిలీటే చేస్తుంది. తీసిన బ్యాకప్ నిజంగా రీస్టోర్ అవుతుందా అని ముందే ప్రయత్నించి చూసే మనిషికే డీబీఏ అని పేరు, జీతం కూడా అందుకే.

అయితే ఒక ప్రమాదం ఉంది, దాచను. అలర్ట్ రాగానే టికెట్ తెరిచి పైవాళ్లకు పంపించే మొదటి మెట్టు (ఎల్1) పనిలోనే అమ్మాయి మూడు, నాలుగేళ్లు ఉండిపోతే మీ మేనల్లుడి మాటే నిజమవుతుంది. అందుకని మొదటి ఏడాదిలోనే లైనక్స్, షెల్ స్క్రిప్టులు, ఏదో ఒక క్లౌడ్ పట్టుకోవాలి. పోస్ట్‌గ్రెస్ ఉచితమే. ఇంట్లో ల్యాప్‌టాప్‌లో రెండు వర్చువల్ మెషీన్లు పెట్టి, ఒకదాన్నుంచి ఇంకోదానికి రెప్లికేషన్ నడిపి, ఒక టేబుల్‌ని కావాలని డ్రాప్ చేసి, సరిగ్గా దానికి ఒక నిమిషం ముందు స్థితికి డేటాబేస్‌ని వెనక్కి తేవడం ప్రాక్టీస్ చేయమనండి. ఇంటర్వ్యూలో ఇది చేశానని వివరంగా చెప్పగలిగిన ఫ్రెషర్లు తక్కువ.

ఇక డేటా సైన్స్. ఆ రంగం మీద నాకు కోపమేమీ లేదు, మూడు నెలల కోర్సుల మీదే నా అనుమానం. పైథాన్ కొంచెం, డేటాతో పనిచేసే పైథాన్ టూల్ పాండాస్ కొంచెం, ఆ తర్వాత టైటానిక్ ఓడలో ఎవరు బతికారో అంచనా వేసే ప్రాజెక్టు, ఐరిస్ పూల ప్రాజెక్టు, ఇళ్ల ధరల ప్రాజెక్టు. ఆ ఐరిస్ డేటా 1936 నాటిది, మొత్తం 150 పూలు. ఇదే ప్రాజెక్టు వందలమంది రెజ్యూమేల్లో ఉంటే చూసేవాడు ఏం చేస్తాడు? ప్రాబబిలిటీ, లీనియర్ ఆల్జీబ్రా గట్టిగా రాకుండా అక్కడ నిలబడటం కష్టం, అవి మూడు నెలల్లో రావు. పైగా అక్కడ చేరినవాళ్లకు కూడా రోజులో సగం పని డేటాబేస్ భాష ఎస్‌క్యూఎల్ రాసి డేటా లాగడం, శుభ్రం చేయడమే. డీబీఏ దగ్గర నేర్చుకున్నది రేపు అటు వెళ్లినా వృథా పోదు.

'ప్లేస్‌మెంట్ గ్యారంటీ' అంటే ఏమిటో రాతపూర్వకంగా అడగండి. ఎక్కడ, ఎంత జీతానికి, రాకపోతే ఫీజు వాపసు ఇస్తారా? కొందరు చివరికి ఇచ్చేది ఫేక్ ఎక్స్‌పీరియన్స్ లెటరే. కంపెనీలు పీఎఫ్ సర్వీస్ హిస్టరీ చూస్తే అది ఇట్టే దొరికిపోతుంది, ఆ మచ్చ మోయాల్సింది మీ అమ్మాయి. తనకు లెక్కల మీద నిజంగా ఇష్టముంటే ఐఐటీ మద్రాస్ 2020లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ డేటా సైన్స్ డిగ్రీ కోర్సు ఉంది, ఉద్యోగం చేస్తూనే నెమ్మదిగా చదువుకోవచ్చు.

ఇప్పుడు రాత్రి సంగతి. షిఫ్టులు ఉంటాయి, ఉండవని చెప్తే అబద్ధం. క్లయింట్ అమెరికాలో ఉన్నాడనుకోండి, న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిదంటే మనకు వేసవిలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. ప్యాచింగ్ (సాఫ్ట్‌వేర్ లోపాలు సరిచేసే అప్‌డేట్లు వేయడం) క్లయింట్ టైమ్ ప్రకారం శనివారం రాత్రి పెడతారు, మనకది ఆదివారం పొద్దున, అంటే చుట్టాల ఫంక్షన్లు కొన్ని పోతాయి. ఒరాకిల్ అయితే జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్‌లలో సెక్యూరిటీ ప్యాచ్‌లు విడుదల చేస్తుంది, ఆ తర్వాతి వారాంతాలు బిజీ. ఎప్పుడు పిలిచినా పనిలోకి దిగాల్సిన ఆన్‌కాల్ వారంలో ఫోన్ తలగడ పక్కనే. నిద్ర, తిండి వేళలు చెడతాయి, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. కానీ ఇది కాల్ సెంటర్ లాగా ఏళ్ల తరబడి ప్రతి రాత్రీ ఉండే పని కాదు. చాలా టీముల్లో వంతులు వేసుకుంటారు, అనుభవం పెరిగేకొద్దీ రాత్రులు తగ్గి ఆన్‌కాల్ మిగులుతుంది.

కొంచెం కటువుగా అడుగుతాను, ఏమనుకోకండి. ఇదే ఆఫర్ మీ అబ్బాయికి వస్తే నాకు ఇంత పెద్ద ప్రశ్న రాసేవారా? మర్నాడే హైదరాబాద్ బస్సెక్కించేవారు. డల్లాస్ మేనల్లుడి మాట మీ ప్రశ్నలో ఉంది, కోర్సు వాళ్ల మాట ఉంది, అమ్మాయికి ఏది ఇష్టమో ఒక్క ముక్క లేదు. రేపు సంబంధాలు చూసేటప్పుడు 'రాత్రి డ్యూటీయా' అని మొహం చిట్లించేవాళ్లు ఉండొచ్చు. వాళ్లకోసం ఇప్పుడు చేతికొచ్చిన ఉద్యోగం వదిలేయడం, పైగా అందుకు లక్షన్నర కట్టడం, ఇది జాగ్రత్త ఎలా అవుతుంది? భయం ఉండటం తప్పు కాదు, నిజంగా జాగ్రత్త పడాలంటే హెచ్‌ఆర్‌ని అడగాల్సినవి అడగండి. రాత్రి షిఫ్టుకి ఇంటి గుమ్మం దాకా క్యాబ్ ఉందా, ఆడపిల్ల చివరి డ్రాప్ అయితే తోడు గార్డు వస్తాడా, నెలకి ఎన్ని రాత్రులు, మర్నాడు సెలవుంటుందా. హాస్టల్ ఆఫీసుకు దగ్గర్లో చూడండి, పగలు పడుకోవడానికి వీలుండే గది కావాలి, నలుగురు ఉండే రూమ్‌లో షిఫ్టు చేసేవాళ్లకు నిద్ర పట్టదు.

కాబట్టి నా సలహా, చేరనివ్వండి. ఏడాదిన్నర తర్వాత తను నేర్చుకున్నది చూసి, పోస్ట్‌గ్రెస్ వైపా, క్లౌడ్ వైపా, డేటా ఇంజినీరింగ్ వైపా అని అప్పుడు మాట్లాడుకోవచ్చు. ఆఫర్ లెటర్‌లో సర్వీస్ బాండ్ ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే ఎన్నేళ్లు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకుంటారా అన్నది సంతకానికి ముందే చూసుకోండి. ఒరిజినల్స్ అడిగితే మాత్రం ఇవ్వొద్దు. తర్వాతి మెయిల్ వీలైతే అమ్మాయినే రాయమనండి.