ముందు రన్‌టైమ్, ఆ తర్వాతే హెడ్‌సెట్

ప్రొద్దుటూరు

పాపకు పెదనాయన ఆశీస్సులు.

గండికోటలో నడిచినట్టే ఉండేలా వీఆర్‌లో, అంటే తలకు పెట్టుకునే హెడ్‌సెట్‌లో చుట్టూ నిజంలా కనబడే లోకంలో, చేస్తానంటున్నావని, అదీ లైనక్స్ మీద, ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌తోనే చేస్తానంటున్నావని మీ నాయన ఫోన్‌లో చెప్పాడు. చాలా సంతోషం వేసింది. మోకాళ్ల నొప్పులతో జమ్మలమడుగు దాటి అంతదూరం రాలేని మీ జేజి కూడా కుర్చీలో కూర్చునే మాధవరాయ గుడి గోపురాన్ని తలెత్తి చూడొచ్చు. ఈ పని నడుమలో ఆగిపోకూడదని నా కోరిక. అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

హెడ్‌సెట్ చేతికి రాగానే తలకు పెట్టుకోవాలనిపిస్తుంది. తొందరపడొద్దు. ముందు ల్యాప్‌టాప్‌లో టెర్మినల్ తెరిచి వల్కన్‌ఇన్ఫో అనే ఆదేశం నడిపించు. అందులో నీ గ్రాఫిక్స్ కార్డు పేరు కనబడాలి. ఎల్ఎల్‌వీఎంపైప్ అన్న పేరు ఒక్కటే వచ్చిందంటే కార్డు ఊరికే కూర్చుంది, బొమ్మ గీసే బరువంతా ప్రాసెసర్ మోస్తోందని అర్థం. అక్కడే ఆగి డ్రైవర్ సంగతి చూసుకో. ఏఎండీ, ఇంటెల్ కార్డులకైతే మెసా అనే ఓపెన్ సోర్స్ డ్రైవర్లు చాలు. ఎన్‌విడియా అయితే ఆ కంపెనీ సొంత డ్రైవరే వేసుకో. ఇది తేలకుండా పైన ఎన్ని ప్లగిన్లు వేసినా తల ప్రాణం తోకకొస్తుంది.

ఇక రన్‌టైమ్. చాలామంది తికమకపడేది ఇక్కడే. ఆటలూ వీఆర్ దృశ్యాలూ తయారుచేసే గోడో లాంటి ప్రోగ్రాం హెడ్‌సెట్‌తో నేరుగా మాట్లాడదు. ఓపెన్ఎక్స్ఆర్ అనే ఉమ్మడి ప్రమాణం ప్రకారం అడుగుతుంది, ప్రోగ్రాంకూ హెడ్‌సెట్‌కూ నడుమ ఉండే రన్‌టైమ్ దానికి జవాబిస్తుంది. క్రోనోస్ గ్రూప్ ఆ ప్రమాణం 1.0ను 2019లో విడుదల చేసింది. లైనక్స్‌లో మనకున్న ఓపెన్ సోర్స్ రన్‌టైమ్ మొనాడో. హెడ్‌సెట్ లేకపోయినా ఉన్నట్టు నటించే డ్రైవర్ కూడా దాంట్లో ఉంది. మొదట దాంతోనే మొదలుపెట్టు. మొనాడో సర్వీసు నడుస్తుండగా హలో ఎక్స్ఆర్ అనే చిన్న నమూనా ప్రోగ్రాం తెరువు. రంగురంగుల ఘనాలు కనబడ్డాయంటే కార్డు, రన్‌టైమ్ రెండూ బాగున్నట్టే. ఆ తర్వాత ఏం చెడినా వెతకాల్సిన చోటు సగానికి సగం తగ్గిపోతుంది.

ఒక మెషీన్‌లో రెండు మూడు రన్‌టైములు ఉండొచ్చు గానీ, పలికేది మాత్రం ఒకటే. ఏది పలకాలో చెప్పే ఫైలు నీ హోమ్ ఫోల్డర్‌లోనే ఉంటుంది. దాచి ఉండే కాన్ఫిగ్ ఫోల్డర్‌లో ఓపెన్ఎక్స్ఆర్, దాని లోపల 1 అనే ఫోల్డర్, అందులో యాక్టివ్ రన్‌టైమ్ అనే జేసన్ ఫైలు. నిన్నటిదాకా పనిచేసింది ఈరోజు మొండికేస్తే మొదట ఆ ఫైలు తెరిచి ఎవరి పేరుందో చూడు. స్టీమ్‌వీఆర్ అనే మరో రన్‌టైమ్ కూడా వేసుకున్నవాళ్లకు తరచూ ఇక్కడే చిక్కు.

నీ హెడ్‌సెట్ మెటా కంపెనీ క్వెస్ట్ కాబట్టి వైవర్న్ వాడమంటాను. అది మొనాడో మీదే కట్టింది, ల్యాప్‌టాప్ నుంచి బొమ్మను వైఫై మీద హెడ్‌సెట్‌కు పంపుతుంది. అదే పని చేసే ఏఎల్‌వీఆర్ కూడా మంచిదే, కానీ దానికి వెనక స్టీమ్‌వీఆర్ ఉండాలి, అది ఓపెన్ సోర్స్ కాదు. ల్యాప్‌టాప్‌లో ఉన్న వైవర్న్ వెర్షనే హెడ్‌సెట్‌లోనూ ఉండాలి, తేడా ఉంటే కలవకపోవచ్చు. హెడ్‌సెట్‌కు ల్యాప్‌టాప్ కనబడకపోతే నెట్‌వర్క్‌లో పరికరాలు ఒకదానికొకటి కనబడేలా చేసే అవాహి సర్వీసు నడుస్తోందో లేదో చూడు, ఫైర్‌వాల్‌లో 5353, 9757 పోర్టులు తెరువు. ల్యాప్‌టాప్‌ను రూటర్‌కు కేబుల్‌తోనే కలుపు. హెడ్‌సెట్ 5 గిగాహెర్ట్జ్ వైఫై మీద, అదే గదిలో ఉండాలి. హాస్టల్ వైఫై మీద ఆశ పెట్టుకోవద్దు, ఒక చిన్న రూటర్ నేను కొనిస్తా.

గోడో 4లో ఓపెన్ఎక్స్ఆర్ ముందే ఉంటుంది, ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో ఆన్ చేస్తే సరి. ఫ్లాట్‌ప్యాక్ గోడో కాకుండా వాళ్ల సైటులో దొరికే జిప్ ఫైలు తీసుకో. ఫ్లాట్‌ప్యాక్ ప్రోగ్రాంను మిగతా సిస్టం నుంచి విడిగా కంచె వేసి ఉంచుతుంది, ఆ కంచె లోపలి నుంచి రన్‌టైమ్ కనబడక ఇబ్బంది పడతావు. ప్లగిన్లలో ఎక్స్ఆర్ టూల్స్ ఒక్కటి చాలు, నడవడానికీ వస్తువులు పట్టుకోవడానికీ అన్నీ అందులో ఉన్నాయి. వెండార్స్ ప్లగిన్ హెడ్‌సెట్‌లోనే నడిచే యాప్ చేసేటప్పుడు కావాలి, ఇప్పుడు దాని జోలికి పోవద్దు.

కోట మోడల్ బరువు మీద మాత్రం గట్టిగా నిలబడు. ఫోటోల నుంచి తయారైన రాళ్లలో లక్షల త్రిభుజాలు ఉంటాయి. 72 హెర్ట్జ్‌లో, అంటే సెకనుకు 72 ఫ్రేములు గీసేటప్పుడు, ఒక్కో ఫ్రేముకు దొరికే సమయం 14 మిల్లీసెకన్లు కూడా ఉండదు, దాటితే చూసేవాళ్లకు కళ్లు తిరుగుతాయి. బ్లెండర్ అనే 3డీ ప్రోగ్రాంలో డెసిమేట్ మాడిఫయర్ పెట్టి ఆ త్రిభుజాలను తగ్గించు. ధాన్యాగారం గోడ దూరం నుంచి చూసేదే కదా, అక్కడ ప్రతి గీతా అక్కర్లేదు. జేజికి చూపించేటప్పుడు జారుతూ నడిచే పద్ధతి వద్దు, చూపిన చోటికి ఒక్కసారిగా చేరే టెలిపోర్ట్ పెట్టు. పెన్నా లోయ అంచున ఆమెను నిలబెట్టొద్దు, నిజంగానే భయపడుతుంది.

మరో ముఖ్యమైన మాట. హెడ్‌సెట్‌ను మిద్దె మీదా, కిటికీ పక్కనా పెట్టొద్దు. లెన్సుల గుండా ఎండ లోపలికి పడితే తెర మీద ఒక్కచోట చేరి మచ్చ పడుతుంది, అది మళ్లీ పోదు. మన కడప ఎండకు ఎంతోసేపు అక్కర్లేదు. వాడిన వెంటనే గుడ్డ సంచిలో పెట్టెయ్.

ఒక రోజు ఒక్క మార్పే చెయ్, ఏం మార్చావో నోటుబుక్కులో రాసుకో. ఎక్కడైనా ఆగిపోతే టెర్మినల్ ఫోటో తీసి పంపొద్దు. మొనాడో గానీ వైవర్న్ గానీ ఇచ్చిన ఆ వరుసలన్నీ కాపీ చేసి మెయిల్‌లో పెట్టు, పైనుంచి కిందిదాకా. డ్రైవర్ వెర్షన్, ఉబుంటు వెర్షన్ కూడా రాయి. రాత్రి తొమ్మిది తర్వాత నేను ఖాళీగానే ఉంటా, ఫోన్ చెయ్యి.

ఇట్లు
నీ పెదనాయన