హోబీ బేకర్ మీద వ్యాసం రాస్తున్న తమ్ముడికి

చి. తమ్ముడికి ఆశీస్సులు.

అమెరికా కాలేజీల పురుషుల ఐస్ హాకీ అవార్డుల మీద నువ్వు పంపిన చిత్తుప్రతి చదివాను. ఊపుగా రాశావు. అయితే మొదటి పేరాలో ఒకరిని "ఈ ఏటి మేటి ఆటగాడు" అన్నావు. మూడో పేరాలో మరొకరిని, ఆరో పేరాలో ఇంకొకరిని అదే మాటతో మెచ్చుకున్నావు. చదివేవాడికి "ఇంతకీ మేటి ఎవరయ్యా?" అని చిరాకు పుడుతుంది. ఒక్కో అవార్డు వెనక ఒక్కో ప్రశ్న ఉంటుంది. ఆ ప్రశ్న ఏమిటి, ఓటు ఎవరిది, ఏ ఆటలు లెక్కలోకి వచ్చాయి అన్న మూడు సంగతులు ముందు చెప్పి, ఆ తర్వాతే పేరు రాయి.

కాలేజీ పురుషుల హాకీలో ఏటా ఒక మేటి ఆటగాడికిచ్చే హోబీ బేకర్ అవార్డుతో మొదలుపెట్టడం సరైనదే. 1981లో మిన్నెసోటా ఆటగాడు నీల్ బ్రాటెన్‌తో ఈ వరస మొదలైంది. ఈ అవార్డుకు పేరిచ్చిన బేకర్ ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో హాకీ, అమెరికన్ ఫుట్‌బాల్ రెండూ ఆడినవాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో పైలట్‌గా పనిచేసి, యుద్ధం ముగిశాక 1918 డిసెంబరులో ఫ్రాన్స్‌లో విమానం కూలి చనిపోయాడు. నువ్వు అతని జీవితానికి మూడు పేరాలు ఇచ్చి, ఎంపిక పద్ధతికి ఒక్క వాక్యం ఇచ్చావు. తిరగేసి రాయి. కాలేజీ ఆటల్లో పై స్థాయి అయిన డివిజన్ 1లో 60కి పైగా జట్లున్నాయి. వాటి కోచ్‌ల ఓట్లతో 10 మంది తేలతారు. ఆ పదిమందిలోంచి దాదాపు 30 మంది ఉన్న కమిటీ ముగ్గురిని నిలబెట్టి, వాళ్లలో ఒకరిని విజేతగా ప్రకటిస్తుంది. అభిమానుల ఓటు కూడా ఉంది కానీ దాని బరువు 1 శాతమే. "అభిమానులు ఎన్నుకున్న వీరుడు" అని నువ్వు రాసిన ఉపశీర్షిక అందుకే నిలవదు, కొట్టెయ్యి.

ఆ అవార్డు నియమాల్లో ఆటతో పాటు నడవడిక, చదువు, క్రీడాస్ఫూర్తి కూడా ఉన్నాయి. కాబట్టి అత్యధిక పాయింట్లు (కొట్టిన గోల్స్, ఇతరుల గోల్స్‌కు పాస్ ఇచ్చిన అసిస్టులు కలిపి) చేసినవాడికి రాకపోతే "అన్యాయం" అని రాయకు. పాయింట్ల పట్టికలో మొదటి స్థానానికి ఎవరి ఓటూ అక్కర్లేదు, అది కూడిక లెక్క. రెండింటినీ ఒకే వాక్యంలో పెడితే గొడవ మనమే తెచ్చినట్టవుతుంది.

ఇక తేదీలు. చాలామంది కాలుజారేది ఇక్కడే. జాతీయ టోర్నమెంటులో చివరి నాలుగు జట్ల పోటీని ఫ్రోజెన్ ఫోర్ అంటారు. సెమీఫైనళ్లు గురువారం, ఫైనల్ శనివారం. హోబీ బేకర్ విజేతను ప్రకటించేది మధ్యలో, శుక్రవారం. అంటే ఫైనల్లో ఏం జరిగినా ఆ అవార్డుకు సంబంధం లేదు. 2019 చూడు. మసాచుసెట్స్ డిఫెన్స్‌మన్ (వెనక ఉండి ప్రత్యర్థులను అడ్డుకునే ఆటగాడు) కేల్ మకార్ శుక్రవారం హోబీ బేకర్ అందుకున్నాడు. మర్నాడు ఫైనల్లో అతని జట్టు మిన్నెసోటా డులూత్ చేతిలో 3-0తో ఓడింది. టోర్నమెంటు మేటి ఆటగాడి గౌరవం డులూత్‌కు చెందిన పార్కర్ మెకేకి వెళ్లింది. (మకార్ ఆ సోమవారమే కొలరాడో తరఫున వృత్తి ఆటగాళ్ల లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ ప్లేఆఫ్స్‌లో దిగి తొలి ఆటలోనే గోల్ కొట్టాడు. అది నీ వ్యాసానికి అవసరం లేదు కానీ వదిలేయడానికి మనసొప్పదు, ఒక్క వాక్యంలో పెట్టుకో.) 2025లో తేడా ఇంకా పెద్దది. మిషిగన్ స్టేట్ మొదటి రౌండులోనే కార్నెల్ చేతిలో ఓడి ఇంటికెళ్లినా, దాని ఫార్వర్డ్ (ముందుండి దాడి చేసే ఆటగాడు) ఐజాక్ హోవర్డ్‌కే హోబీ బేకర్ దక్కింది. ఫ్రోజెన్ ఫోర్ మేటి ఆటగాడు వెస్టర్న్ మిషిగన్ జట్టులోని ఓవెన్ మైకేల్స్.

క్రికెట్ తెలిసిన మన పాఠకుడి కోసం ఆ టోర్నమెంటు మేటి ఆటగాడి గౌరవాన్ని నువ్వు మ్యాన్ ఆఫ్ ద సిరీస్‌తో పోల్చావు. పోలిక దారి తప్పిస్తోంది. ఫ్రోజెన్ ఫోర్‌లో తూకం వేసేది ప్రధానంగా చివరి రెండు ఆటలను. 1993లో మెయిన్ విశ్వవిద్యాలయం ఆటగాడు పాల్ కరియా 39 ఆటల్లో 25 గోల్స్, 75 అసిస్టులతో సరిగ్గా 100 పాయింట్లు చేసి హోబీ బేకర్ గెలిచాడు. మొదటి ఏడాది విద్యార్థికి ఆ అవార్డు రావడం అదే మొదలు. లేక్ సుపీరియర్ స్టేట్‌తో ఫైనల్లో మాత్రం మెయిన్ 4-2తో వెనకబడి ఉండగా, మూడో పీరియడ్‌లో, అంటే ఆట చివరి భాగంలో, జిమ్ మాంట్‌గోమరీ వరసగా మూడు గోల్స్ కొట్టి 5-4తో గెలిపించాడు. ఆ మూడింటికీ పాస్ ఇచ్చింది కరియానే. అయినా టోర్నమెంటు మేటి ఆటగాడు మాంట్‌గోమరీ. ఈ ఒక్క ఉదాహరణ విప్పి చెబితే రెండు అవార్డుల తేడా పాఠకుడికి పట్టుబడుతుంది. అలాగని రెండూ ఎప్పుడూ వేర్వేరు చేతుల్లోకే వెళ్తాయని రాయకు. 1987లో నార్త్ డకోటాకు చెందిన టోనీ హర్కస్ రెండూ గెలిచాడు. ఆ సీజన్‌లో అతను చేసిన 116 పాయింట్లు ఇప్పటికీ కాలేజీ రికార్డు. ఇంగ్లీషు అక్షరాలు చూసి నువ్వు "హర్కాక్" అని రాశావు. అతని లైన్‌ను (కలిసి ఆడే ముగ్గురు ఫార్వర్డ్‌ల బృందాన్ని) ఆ రోజుల్లో హర్కస్ సర్కస్ అని పిలిచేవారు, అది గుర్తుంటే పేరు తప్పదు.

గోలీల (గోల్ కాపలా కాసేవాళ్ల) భాగం మళ్లీ మొదట్నుంచి రాయాలి. హోబీ బేకర్ గెలిచిన గోలీలు ముగ్గురంటే ముగ్గురే అని నువ్వు రాయలేదు: 1988లో రాబ్ స్టాబర్, 2001లో రయన్ మిల్లర్, 2022లో డ్రైడెన్ మెకే. గోలీల కోసం విడిగా మైక్ రిక్టర్ అవార్డు 2014లో వచ్చింది, తొలి విజేత మసాచుసెట్స్ లోయెల్ గోలీ కానర్ హెలబక్. ఇప్పుడు తమాషా చూడు: 2022లో హోబీ బేకర్ ఒక గోలీకి వచ్చింది, ఉత్తమ గోలీ అవార్డు మాత్రం అతనికి రాలేదు! మిన్నెసోటా స్టేట్‌కు ఆడిన మెకే ఆ సీజన్‌లో 38 విజయాలు సాధించాడు. రిక్టర్ గెలిచింది నార్త్‌ఈస్టర్న్‌కు ఆడిన డెవన్ లెవి. బోస్టన్‌లో ఆ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్ చేసే తెలుగు పిల్లలు చాలామందే, ఈ పేరా వాళ్లు తప్పక చదువుతారు. జాగ్రత్తగా రాయి.

దీన్ని వివరించాలంటే రెండు అంకెలు విడదీయాలి. ఒకటి, 60 నిమిషాల ఆటకు సగటున ఎన్ని గోల్స్ ఇచ్చాడు. రెండోది సేవ్ శాతం, అంటే గోల్ మీదికి వచ్చిన షాట్లలో ఎన్ని ఆపాడు. ఒక గోలీ మీదికి ఆటకు 18 షాట్లు వచ్చి ఒకటి లోపలికి పోయిందనుకో. మరొకరి మీదికి 36 వచ్చి రెండు పోయాయి. ఇద్దరి సేవ్ శాతం .944 దగ్గరే, సగటు మాత్రం ఒకరిది 1, ఇంకొకరిది 2. మొదటి అంకెలో ముందున్న డిఫెన్స్ పనితనం చాలా కలిసి ఉంటుందన్నమాట. మెకే సగటు 1.31, సేవ్ శాతం .931. లెవి సగటు 1.54, సేవ్ శాతం .952. వెనక్కి లెక్కకడితే ఆటకు మెకే మీదికి సుమారు 19 షాట్లు, లెవి మీదికి 32 వచ్చినట్టు తేలుతుంది. ఈ లెక్క పాఠకుడి ముందు వేసి ఊరుకో. ఓటు వేసినవాళ్ల మనసులో ఏముందో ఊహించి రాయకు. ఇంకో మాట, .931ని "93.1 శాతం" అని ఒకచోట, ".931" అని మరోచోట రాశావు. ఒకటే పట్టుకో.

డిఫెన్స్‌మన్లను ఫార్వర్డ్‌లతో పాయింట్ల దగ్గర పోల్చకు. మకార్‌కు 41 ఆటల్లో 49 పాయింట్లు. ఫార్వర్డ్‌కైతే అది మామూలు మంచి సీజన్, డిఫెన్స్‌మన్‌కు చాలా పెద్దది. అందుకే కోచ్‌ల సంఘం ప్రకటించే ఆల్ అమెరికన్ జట్లు మంచి ఆధారం. అక్కడ స్థానం వారీగా ఒక గోలీ, ఇద్దరు డిఫెన్స్‌మన్లు, ముగ్గురు ఫార్వర్డ్‌లు ఉంటారు. తూర్పు, పడమర విడివిడి జట్లు కాబట్టి "మొదటి జట్టు"కు ఎంపికైనవాళ్లు దేశంలో 12 మంది. నువ్వు ఆరుగురనే రాశావు.

కొత్త ఆటగాడి అవార్డు టిమ్ టేలర్ పేరిట ఉంది, ఆయన యేల్ కోచ్. ఇక్కడ "పిల్లవాడు" అని రాసే ముందు వయసు చూడు. చాలామంది జూనియర్ లీగుల్లో ఆడి 19, 20 ఏళ్లకు కాలేజీలో చేరతారు. బోస్టన్ విశ్వవిద్యాలయం ఆటగాడు మాక్లిన్ సెలబ్రీని 2024లో హోబీ బేకర్ గెలిచినప్పుడు నిజంగానే 17 ఏళ్లవాడు, అందుకే అది వార్త. కరియా తర్వాత మొదటి ఏడాదిలోనే గెలిచినవాళ్లు 2015లో ఐకెల్, 2023లో ఫాంటిలీ, 2024లో ఇతను.

కోచ్‌లకిచ్చే స్పెన్సర్ పెన్‌రోజ్ అవార్డును వ్యక్తిగత ఆటగాళ్ల వరసలో కలిపేశావు, విడదీయి. పెన్‌రోజ్ కోచ్ కాదు, కొలరాడో స్ప్రింగ్స్‌లో బ్రాడ్‌మూర్ హోటల్ కట్టించినవాడు. 1948 నుంచి మొదటి పది జాతీయ టోర్నమెంట్లు అక్కడే జరిగాయి.

పట్టిక వేసేటప్పుడు 26-26-52 అని వదిలేస్తే మనవాళ్లు స్కోరనుకుంటారు. గోల్స్, అసిస్టులు, పాయింట్లు అని పైన వరస రాయి. కాన్ఫరెన్స్ (కొన్ని కాలేజీల జట్లు కలిసి ఆడే లీగ్) అవార్డుకు కాన్ఫరెన్స్ ఆటల అంకెలు, జాతీయ అవార్డుకు సీజన్ మొత్తం అంకెలు వాడు. 2021-22 సీజన్ అవార్డు 2022ది, ఈ లెక్క వ్యాసమంతా ఒకేలా ఉండాలి. 2020 వరసలో టోర్నమెంటు మేటి ఆటగాడి గడి ఖాళీగా వదిలి కింద కారణం రాయి. కరోనా వల్ల ఆ ఏడాది టోర్నమెంటే జరగలేదు, హోబీ బేకర్ మాత్రం డులూత్ డిఫెన్స్‌మన్ స్కాట్ పెరునోవిచ్‌కు ఇచ్చారు.

గోలీల భాగం ముందు సవరించి పంపు, మిగతాది తర్వాత చూద్దాం.

ఉంటాను,
అన్నయ్య